మండుటెండలో హీటరు మహాత్మ్యం

మండుటెండలో కారు హీటరు ఫుల్లుగా పెట్టుకుని ప్రయాణం చెయ్యని దంపతులది ఒక దాంపత్యమేనా?

నవ్వకండి. నేను నవ్వులాటకు అనడం లేదు. సంసారాలు ఎందుకు పాడవుతున్నాయో లావుపాటి పుస్తకాలు రాసిన మహానుభావులున్నారు. ఒకరు డబ్బంటారు, ఒకరు అత్తగారంటారు, ఇంకొకరు సెల్‌ఫోనంటారు. అసలు కారణం ఒక్కరికీ తట్టలేదు. కారులో ఏసీ! అది వచ్చాకే మనుషులు అద్దాలు ఎత్తుకున్నారు, నోళ్ళు మూసుకున్నారు. చల్లగా కూర్చున్న మనిషికి పక్క మనిషితో పనేముంటుంది చెప్పండి?

కాబట్టి నా సలహా వినండి. ఏసీ లేని కారొకటి కొనండి. టాపు కూడా లేకపోతే మరీ మంచిది. దాన్ని నడివేసవిలో ఫ్రాన్స్ దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తోలండి. హీటరు వెయ్యండి. పక్కన భార్యను కూర్చోబెట్టుకోండి. ఆవిడ కూర్చుంటేనే సుమా!

ఇంత పెద్ద సలహా ఇవ్వడానికి నీకేం అర్హత ఉందని అడుగుతారు. అడగాలి కూడా. నా పేరు లియొనెల్. ఇంగ్లాండులో, కెంట్‌లో, బతుకంతా జనం పళ్ళు పీకి, పుచ్చులు పూడ్చి రిటైరైన వాణ్ణి. "నోరు తెరవండి" అన్న ఒక్క ముక్కతో ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను. రిటైరయ్యాక పళ్ళ డాక్టర్లు రెండు రకాలుగా చెడిపోతారు. కొందరు గోల్ఫు ఆడతారు. నేను పాత స్పోర్ట్స్ కారు కొన్నాను.

దాని పేరు మేబెల్. నేను నిక్కరేసుకుని బడికి పోయే రోజుల్లో తయారైంది. అందులో ఇద్దరే పడతారు. ఆ ఇద్దరూ కొత్తగా పెళ్ళైన వాళ్ళన్నా అయి ఉండాలి, సన్నగానన్నా ఉండాలి. మేం ఆ రెండు అర్హతలూ దాటి చాలాకాలమైంది. నా భార్య గిలియన్ దాన్ని మేబెల్ అనదు. "నీ రెండోది" అంటుంది. గిలియన్ పేరులోనే గిల్లడం ఉంది, మాటలో మరి కాస్త ఎక్కువగా ఉంది.

మొన్న వేసవిలో మా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు వాళ్ళం ఓ డజను బళ్ళేసుకుని ఆల్ప్స్ కొండలు చుట్టి వచ్చాం. మంచు శిఖరాలు, సరస్సులు, ఒంపులు తిరిగే ఘాట్ రోడ్లు, ప్రతి ఒంపు దగ్గరా ఒక ఫోటో. అదంతా ఎవరైనా చెబుతారు. అక్కడి నుంచి ఇంటికి తిరిగి రావడం గురించి మాత్రం ఒక్కడూ నోరు విప్పడు. పెళ్ళి గురించి అందరూ మాట్లాడతారు గానీ పందిరి విప్పడం గురించి ఎవరు మాట్లాడతారు?

మేం కొండ దిగిన రోజే ఫ్రాన్స్‌లో ఎండలు ముదిరాయి. హోటల్ టీవీలో దేశపటం మొత్తం ఎర్రగా కాలిన పెనంలా ఉంది. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఇల్లు కదలొద్దని ఒకమ్మాయి చేతులు జోడించినంత పని చేస్తోంది. గిలియన్ ఒకసారి టీవీని, ఒకసారి నన్ను చూసింది.

"నువ్వు రెండింట్లోకీ వస్తావు, లియొనెల్," అంది.

అయినా బయల్దేరాం. దారిలో ప్రతి ఊళ్ళోనూ మందుల షాపు మీద ఆకుపచ్చ శిలువ గుర్తు వెలుగుతూ ఉంటుంది. ఎండ ఎంతుందో అందులోనే అంకె వేసి చూపిస్తారు. ఒక ఊళ్ళో ముప్పై తొమ్మిది. పక్క ఊరివాడు నలభై అన్నాడు. ఆ పై ఊరివాడు తగ్గుతాడా, నలభై ఒకటి! ఎండ కాదది, వేలంపాట. పాట ఎవరు పాడుకున్నా సరుకు మాత్రం మా నెత్తిమీదే దింపుతున్నారు.

ఇక హీటరు సంగతి. ఎండ నలభై దాటితే మేబెల్‌కు ఒళ్ళు కాలిపోతుంది. ముందు డయల్‌లో ముల్లు ఎరుపు వైపు పాకుతుంది. ఇంకాస్త ఆగితే నీళ్ళు మరిగి, మూత లేచి, పొగలు కక్కుతూ రోడ్డు పక్కన కూలబడుతుంది. దీనికి పాత కార్ల వాళ్ళకు మాత్రమే తెలిసిన వైద్యం ఒకటుంది. హీటరు ఫుల్లుగా తిప్పాలి! అప్పుడు ఇంజిన్‌లో ఉన్న వేడి మన కాళ్ళ మీదికి వచ్చేస్తుంది. బండి చల్లబడుతుంది, మనం ఉడుకుతాం. పళ్ళ డాక్టరుగా నాకిది కొత్త కాదు. ఒకరి నొప్పి పోవాలంటే ఇంకొకరు చెమటోడ్చాలి.

ఆలోచించండి, ఇందులో ఎంత భాగ్యముందో! ఆవిరి స్నానానికి జనం ఊరు విడిచి, సెలవు పెట్టుకుని పోతారు. మాకు అది నడుస్తున్న బండిలో, మోకాళ్ళ దగ్గర, అడక్కుండానే దొరికింది. నా బూటు అడుగు మెత్తబడి బ్రేకుకు అంటుకుంది. సీటు రెక్సిను నా తొడలకు అంటుకుంది. లేస్తే చర్మమో రెక్సినో, ఏదో ఒకటే నాతో వస్తుంది. బండికీ మనిషికీ ఇంతటి అనుబంధం ఏ ఏసీ కారులో కుదురుతుంది?

టాపు వేసుకోవచ్చు కదా అంటారేమో. అదేం ప్రశ్నండీ! మా క్లబ్బు రూలు మీకు తెలియదు. వాన పడితే తప్ప టాపు వెయ్యరాదు. ఎండకు భయపడి వేసినవాడు రాత్రి భోజనాల దగ్గర కెటిల్ టోపీ పెట్టుకుని కూర్చోవాలి. టీ చల్లారకుండా కెటిల్‌కు తొడుగుతారే, ఉన్నితో అల్లిన టోపీ, పైన కుచ్చు, పక్కన చిల్లు, ఆ చిల్లులోంచి చెవి బయటికి రావాలి. దాన్ని అల్లింది క్లబ్బు ప్రెసిడెంటు ట్రెవర్ భార్య. రూలు పెట్టింది ట్రెవర్.

ట్రెవర్ది సరికొత్త బండి. మీట నొక్కితే ఇనపరేకు టాపు తనంతట తనే లేచి మూసుకుంటుంది. ఎండలు మొదలైన రోజు నుంచి అది మూసే ఉంది, లోపల ఏసీ నడుస్తూనే ఉంది. ఇదేం న్యాయమని అడిగితే, "రూల్లో గుడ్డ టాపు అనే ఉంది, నాది రేకు," అన్నాడు. రూలు రాసినవాడి బుర్రలో రూలు దాటే సందు కూడా అప్పుడే తయారై ఉంటుంది. వాడి భార్యకు మాత్రం ఆ చల్లదనం కూడా చాలలేదు. "ఇక నావల్ల కాదు," అని విమానమెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. కెటిల్ టోపీ ట్రెవర్ కారులోనే మిగిలిపోయింది. పక్క సీటూ ఖాళీగానే మిగిలింది.

ఇప్పుడు మా ఎడమ సీటు గురించి చెప్పాలి. ఈ కథంతా ఆ సీటు చుట్టూనే తిరుగుతుంది.

మా దేశంలో బళ్ళు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి, స్టీరింగు కుడి పక్కన ఉంటుంది. ఫ్రాన్స్‌లో అంతా తిరకాసు. బళ్ళు కుడి పక్కన నడుస్తాయి. అక్కడ మేబెల్‌ను తోలేవాడికి కనిపించేది రోడ్డు పక్క గడ్డి, ముందున్న లారీ వెనక తలుపు. ఆ లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో తెలియాలి. అది ఎడమ సీట్లో కూర్చున్న మనిషికి మాత్రమే కనిపిస్తుంది. పెద్ద హైవేల మీద ఈ బాధ లేదు గానీ, ఆ వేగానికి మేబెల్ ముల్లు అసలు కిందికి దిగదు. కాబట్టి మాకు రెండే వరసలున్న పాత రోడ్లే గతి.

అందుకని గిలియన్ తల బయటికి పెట్టి, ఎదర దారి చూసి, "ఆగు" అంటే ఆగుతాను. "పో" అంటే పోతాను. ప్రాణం ఆవిడ చేతిలో, కాలు నా చేతిలో! తప్పు, కాలు నా కాల్లోనే. ఈ లోకంలో భార్య "పో" అనగానే మొగుడు కిక్కురుమనకుండా, సంతోషంగా పోయే చోటు ఇదొక్కటే. ఇంత నమ్మకం మీ ఏసీ కార్ల వాళ్ళకుందా?

తిరుగుదారిలో మొదటి రెండు రోజులూ గిలియన్ తిట్టిన తిట్లకు లెక్కలేదు. హీటరు హోరులో, గాలి హోరులో సగమే వినబడ్డాయి. వినబడ్డ సగమూ బాగానే ఉన్నాయి. "నీతో పెళ్ళి కంటే పన్ను పీకించుకోవడం నయం, అందులో మత్తన్నా ఇస్తావు!" అని అరిచింది ఒకసారి. నేను నవ్వాను. తనూ నవ్వింది. నవ్వుతూనే "పో!" అంది. పాలవ్యాను దాటేశాం.

గిలియన్ తన చెల్లెలి కోసం కొండ మీద ఒక గుండ్రటి చీజు కొంది. డిక్కీలో, పొగ గొట్టం పైన పెట్టాం. రెండోరోజుకు అది తన ఉనికిని చాటుకోవడం మొదలుపెట్టింది. ఆగిన ప్రతి ఊళ్ళోనూ కుక్కలు మాకు ఎదురొచ్చి స్వాగతం చెప్పాయి. రాజులకు కూడా దక్కని మర్యాద!

ఇలా దివ్యంగా సాగుతుండగా, ఆఖరి రోజు మధ్యాహ్నం, ఒక చిన్న ఊరి కూడలిలో చెట్టు నీడన ఆగాం. మందుల షాపు శిలువ నలభై రెండు చూపిస్తోంది. గిలియన్ ముఖం కందిపోయింది. సీసాలో నీళ్ళు తాగబోయి, వేడిగా ఉన్నాయని రేడియేటర్లో పోసింది. అప్పుడే ట్రెవర్ కారు వచ్చి ఆగింది. తలుపు తెరవగానే చల్లగాలి మా మోకాళ్ళకు తగిలింది. ట్రెవర్ చొక్కా ఇస్త్రీ మడత కూడా చెడలేదు.

"ఇదేమిటి గిలియన్, టమాటా పండులా అయిపోయావు!" అన్నాడు. "నా పక్క సీటు ఖాళీగానే ఉంది. సీట్లోంచి కూడా చల్లగాలి వస్తుంది తెలుసా? కాలే దాకా నాతో వచ్చెయ్యకూడదూ?"

కాలే అంటే మేం ఓడ ఎక్కి సముద్రం దాటాల్సిన రేవు. ఆ పేరు వినగానే నాకు గుర్తొచ్చేది కాలే నా కాళ్ళే.

"అయ్యో, నాకేం పర్లేదు ట్రెవర్," అంది గిలియన్.

ఇక్కడ కాస్త ఆగాలి. మా దేశంలో పర్లేదు అన్న మాటకు పర్లేదు అన్న అర్థం తప్ప మిగతా అర్థాలన్నీ ఉన్నాయి. బస్సులో కాలు తొక్కినవాడితో పర్లేదంటాం, వాడి కాలు విరగాలని కోరుకుంటూ. విందుకు పిలిచినవాళ్ళు చేసిన కూర తిని పర్లేదంటాం, కుక్క ఎక్కడుందా అని చూస్తూ. గిలియన్ అన్న పర్లేదుకు అర్థం, "లియొనెల్, నువ్వు వద్దని చెప్పు," అని. అది నాకు అర్థం కాకపోలేదు. అయినా మర్యాదస్తుణ్ణి కదా!

"నాకూ పర్లేదు గిల్. వెళ్తే వెళ్ళు," అన్నాను. దాని అర్థం వెళ్ళొద్దని.

"నీకు పర్లేదా?"

"పర్లేదు."

"నిజంగా?"

"నిజంగా పర్లేదు."

"సరే మరి. నీకు పర్లేదంటే నాకూ పర్లేదు."

"మీ ఇద్దరికీ పర్లేదంటే నాకసలే పర్లేదు," అన్నాడు ట్రెవర్. ముగ్గురిలో నిజం చెప్పింది వాడొక్కడే.

పాఠకులారా, నా వృత్తిలో మొదటి పాఠం ఇది. కుర్చీలో పడుకుని "అమ్మో, నొప్పి" అనేవాడికి నొప్పి ఉండదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని "పర్లేదు డాక్టర్" అంటాడు చూడండి, వాడికి ప్రాణం పోతూ ఉంటుంది. నేను రోగి ముఖం ఎప్పుడూ చూడలేదు, చేతులే చూసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం గిలియన్ మేబెల్ తలుపును పట్టుకుని నిలబడింది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. చూశాను. చూసి కూడా ఆవిడ పెట్టె తీసి ట్రెవర్ కారులో పెట్టాను. పెద్ద పళ్ళ డాక్టర్ని!

"ఆరింటికి ఓడ," అన్నాడు ట్రెవర్. "నీ బండి అందుకోలేకపోతే కంగారు పడకు. గిలియన్‌ను నేనే ఇంటి దగ్గర దింపేస్తాను. ఆ చీజు మాత్రం నీ దగ్గరే ఉంచు."

రేకు టాపు మూసుకుంది. అద్దంలోంచి గిలియన్ ఏదో అంది. వినబడలేదు. ఏసీ కారు కదా.

ఇది కూడా ఒక వరమే అని నన్ను నేను నమ్మించుకోవడానికి అరమైలు పట్టింది. ఎంత హాయి! తిట్టేవాళ్ళు లేరు. కాళ్ళు చాపుకోవచ్చు. పాట పాడుకోవచ్చు. పాడాను కూడా. ఒక చరణం అయ్యాక ఇంత దరిద్రంగా పాడతానా అని ఆపేశాను. ఇన్నాళ్ళూ గిలియన్ గొంతు కలిపి కప్పిపుచ్చిందన్న సంగతి అప్పుడే తెలిసింది. బండి పక్కకు ఆపి, చీజును డిక్కీలోంచి తీసి ఎడమ సీట్లో పెట్టి బెల్టు కట్టాను. మనిషి కూర్చున్నట్టే ఉంది. బరువు తేడా ఉందనుకోండి, ఆ మాట ఇంట్లో అనకండి.

అప్పుడు తగిలింది లారీ.

పందుల లారీ. ఉత్తరం వైపు పోతోంది, నాలాగే. నిదానంగా, ఏ తొందరా లేకుండా పోతోంది. నాకు దాని వెనక తలుపు కనిపిస్తోంది, కుడి పక్కన గడ్డి కనిపిస్తోంది. ఎదర ఏముందో దేవుడికి తెలియాలి. నేను చీజు వైపు చూశాను. చీజు ఆగు అనలేదు, పో అనలేదు. కొంచెం కారింది.

ఒకసారి నేనే మెడ సాచి, బండిని మెల్లగా ఎడమకు జరిపి తొంగిచూశాను. ఎదురుగా ట్రాక్టరు! స్టీరింగు తిప్పి గడ్డిలోకి పోయి, గడ్డిలోంచి లారీ వెనక్కు వచ్చి పడ్డాను. గుండె నోట్లోకి వచ్చింది. నోరు తెరిచే ఉంది కాబట్టి పళ్ళకేం దెబ్బ తగల్లేదు.

వెనక బళ్ళు వరసకట్టాయి. హారన్లు మొదలయ్యాయి. ఒక ముసలావిడ చిన్న వ్యానులో మమ్మల్నిద్దరినీ, అంటే నన్నూ పందుల్నీ, ఒక్క ఊపులో దాటింది. పోతూ పోతూ నా వైపు చూసి చెయ్యి తిప్పింది. ఆ సైగకు అర్థం అడక్కండి. అది పర్లేదు మాత్రం కాదు. ఫ్రాన్స్ వాళ్ళు మనసులో మాట దాచుకోరు, అదృష్టవంతులు!

లారీ వెనక తలుపుకు గుండ్రటి ఫ్యాన్లున్నాయి. గిర్రున తిరుగుతున్నాయి. పందులకు గాలి ఆడాలి కదా! వాటి ముక్కులు కటకటాల దగ్గర వరసగా కనిపిస్తున్నాయి. ఎంతో హాయిగా ఉన్నాయవి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వెనక నేను, హీటరు ఫుల్లుగా పెట్టుకుని, ఆ ఫ్యాన్లలోంచి వచ్చే గాలిని నిండు గుండెలతో పీలుస్తూ, చీజును తోడు పెట్టుకుని ఒంటరిగా పోతున్నాను. పంది జన్మ అని ఎందుకు తిడతారో నాకు ఆ రోజు నుంచి అర్థం కావడం లేదు.

ఒక్కో ఊరు దాటుతుంటే పొద్దు వాలుతోంది. ఆరింటి ఓడ నా కళ్ళ ముందు దూరమైపోతోంది. పోతే ఓడే పోయింది, ఇంకోటి వస్తుంది. కానీ గిలియన్ ఆ ఓడెక్కేసి ఉంటే? చల్లటి కారులో చల్లగా ఇంటికి చేరి ఉంటే? ఒకసారి ఏసీ సుఖం మరిగిన మనిషి మళ్ళీ మేబెల్ ఎక్కుతుందా? వచ్చే ఏడు టూరుకు "నువ్వు వెళ్ళు లియొనెల్, నాకేం పర్లేదు," అంటుంది. అప్పుడు ఈ బండెక్కి నేనెక్కడికి పోను? ప్రపంచంలో ఉన్న పందుల లారీలన్నిటి వెనకా ఇలా తిరుగుతూ ఉండాల్సిందేనా? చెమట ఒకటే కాదు, కళ్ళు కూడా తడిశాయి. పందుల ఘాటు అలాంటిది మరి.

కాలే చేరేసరికి ఏడు దాటింది. పేరే కాలే గానీ అక్కడ సముద్రం మీంచి చలిగాలి కొడుతోంది. ఆరింటి ఓడ ఎప్పుడో పోయింది. ట్రెవర్ కారు లేదు. రేవు గేటు బయట పిట్టగోడ మీద ఎవరో ఒక ముసలావిడ పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. నెత్తిమీద ఏదో విచిత్రమైన టోపీ. పైన కుచ్చు. పక్క చిల్లులోంచి ఒక చెవి.

మేబెల్‌ను గోడకు ఆనించినంత పని చేసి ఆపాను.

"పోయిందిగా ఓడ," అంది గిలియన్.

"ట్రెవరేడీ?"

"ఓడతో పాటే పోయాడు."

"ఆ టోపీ ఏమిటి?"

"టాపు వేసిన కారెక్కాను కదా, రూలు రూలే," అని కుచ్చు సర్దుకుంది. "అయినా ఆ కారులో ఇది లేకపోతే గడ్డకట్టుకుపోయేదాన్ని. చల్లగా ఉందా అని అడిగాడు. పర్లేదన్నాను. ఇంకా పెంచాడు! మళ్ళీ అడిగాడు. మళ్ళీ పర్లేదన్నాను. మళ్ళీ పెంచాడు!"

"ఏం మాట్లాడుకున్నారు?"

"అంతే. అదే మాట్లాడుకున్నాం. ఒకసారి ముందు లారీ వస్తే అలవాటు కొద్దీ 'పో!' అని అరిచాను. 'ఎవర్ని, నన్నా?' అన్నాడు. వాడి కారుకు ఎదర దారి చూసే కెమెరా ఉందిట. నాతో పని లేదు." తర్వాత నా వైపు పరకాయించి చూసింది. "నీ ప్రయాణం ఎలా సాగింది?"

"పర్లేదు," అన్నాను.

నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. గిలియన్ నా ముఖం చూడలేదు, ఆ చేతులే చూసింది. ఇన్నేళ్ళు పళ్ళ డాక్టరుతో కాపురం చేసిన మనిషి! లేచి వచ్చి, ఎడమ తలుపు మీద మోచేతులు ఆనించింది.

"నోరు తెరువు, లియొనెల్."

తెరిచాను. ఆ మాట ఎంత లోపల ఇరుక్కుందో, పీకుతుంటే కష్టంగానే వచ్చింది.

"పందులకు ఫ్యాన్లున్నాయి గిల్. నాకు నువ్వు లేవు."

గిలియన్ తలుపు తీసింది. చీజు బెల్టు విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తన సీట్లో కూర్చుంది. టోపీ మాత్రం తియ్యలేదు.

"చలేస్తోంది, ఆ హీటరు వెయ్యి," అంది.

వేశాను. చల్లటి గాలి వచ్చింది. మేబెల్ అంతే, అక్కర్లేనప్పుడు తప్ప ఇవ్వదు.

మా దేశంలో వేసవి పొద్దు తొమ్మిది దాకా కుంకదు కాబట్టి, తర్వాతి ఓడెక్కి, సముద్రం దాటి, ఇంకా వెలుతురుండగానే కెంట్‌లో దిగాం. రోడ్డుకు ఎడమ పక్కకు మళ్ళాం. కాస్త దూరం పోయాక ముందు ఎండుగడ్డి బండి ఒకటి తగిలింది. మా దేశంలో రోడ్డు నాకే బాగా కనిపిస్తుంది. ఎదర ఖాళీ. అయినా దాని వెనకే బుద్ధిగా పోయాను. గిలియన్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత తల బయటికి పెట్టి, కుచ్చు గాలికి ఊగుతుండగా, తనకేమీ కనిపించకపోయినా దారి చూసినట్టే చూసి, "పో!" అంది.

పోయాను.

కాబట్టి పాఠకులారా, మొదట్లో ఏసీని ఆడిపోసుకున్నాను గానీ, దానితో నాకే తగాదా లేదు. హీటరు గొప్పదనమూ నేను చెప్పినంత లేదు, కావాలంటే బొబ్బలెక్కిన నా కాళ్ళు చూపిస్తాను. నా ఫిర్యాదల్లా ఆ దిక్కుమాలిన మాట మీదే. పర్లేదు! ఆ మాట కనిపెట్టినవాడు ఎక్కడన్నా దొరికితే కుర్చీలో పడుకోబెట్టి, మత్తివ్వకుండా, దంతాలన్నీ వరసగా పీకేస్తాను. నొప్పిగా ఉందా అని మధ్యమధ్య అడుగుతాను కూడా.

ఇదంతా రాసి గిలియన్‌కు చదివి వినిపించాను. అంతా విని టీ ఒక గుక్క తాగింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"పర్లేదు," అంది.

గబుక్కున ఆవిడ చేతుల వైపు చూశాను. కుర్చీ చేతుల మీద లేవు. ఒకటి కప్పు మీద ఉంది, ఒకటి నా మోకాలి మీద ఉంది.